పల్లాలమ్మ పట్టిన పొగ

కొత్త చట్టం వచ్చిన మర్నాటినుంచి పల్లాలమ్మ ఇటుకబట్టీ పొగ పైకి పోవడం మానేసింది. బట్టీలోంచి దిగి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంట్లోకెళ్ళి కూచుంటోంది. ఎవరి పొగ వాళ్ళే పట్టుకోవాలి, వెయ్యేళ్ళు దాచాలి అని చట్టం. పొగకి ఆ సంగతి ముందే తెలిసినట్టుంది.

పల్లాలమ్మ దాన్ని ఆవకాయ జాడీల్లో కూరి, మూతులకి గుడ్డ పెట్టి వాసెన కడుతుంది. తడిచేత్తో ఎవర్నీ ముట్టుకోనివ్వదు, బూజు పడుతుందని.

బట్టీ అంటించి ఇవాళ్టికి ఏడో రోజు. ఇంకా అయిదు రోజులు మండాలి. మధ్యలో ఆరిందంటే లోపలున్న యాభైవేల ఇటుకా ఎందుకూ పనికిరాదు, ఒక్క వానకి మళ్ళీ బురదే. ఆ ఇటుక కోసిన పదకొండు కుటుంబాలూ బట్టీ చుట్టూ కూచుని మంట ఆరకుండా ఊక పోస్తున్నాయి.

పొగల ఇనస్పెక్టరు ఏసుపాదం సీలూ లక్కా పట్టుకుని పొద్దున్నే వస్తాడు.

"వెయ్యేళ్ళు కాపలా ఉంటానని ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. మధ్యలో పోకూడదు మరి."

"నేనెక్కడికి పోతానండీ, కోడలు పుట్టింటికెళ్ళింది. ఇంటికాడెవరూ లేరు."

"వెయ్యేళ్ళు నీ నోరు మేం భరించాలంటే!" అంటుంది ఇటుకలు కోసే సూరమ్మ.

ఏసుపాదం జాడీలు లెక్కపెడతాడు. నలభయ్యొకటి. మళ్ళీ లెక్కపెడతాడు.

"నీ బట్టీ వదిలింది నలభై జాడీలే. ఇదెవరి పొగ?"

"కొసరండి."

వెయ్యి ఇటుకలకి ఇరవై కొసరు వెయ్యందే బండి కదలదు ఆ బట్టీల దగ్గర. పల్లాలమ్మ చేతికి సరిగ్గా నలభై దగ్గర ఆగడం రాదు. నిన్నటికి వచ్చిన పొగ అయిపోయింది గనక బట్టీ మీదికెక్కి, ఆఖరి జాడీని ఆకాశంలో ముంచి నింపింది.

ఏసుపాదం పుస్తకం తిరగేస్తాడు. "తక్కువైతే ఏం చెయ్యాలో రాశారు. ఎక్కువైతే ఏం చెయ్యాలో రాయలేదు. రాయలేదంటే కుదరదనే. బట్టీ ఆర్పించెయ్."

ఊక పోసే చేతులన్నీ ఆగిపోతాయి.

"ఆర్పితే మరి దాన్ని ఏం పెట్టి పూడుస్తారండీ?" అంటుంది పల్లాలమ్మ, గెడ్డం పైకెత్తి చూపిస్తూ.

జాడీ ముంచినచోట ఆకాశానికి కంత పడింది. నిన్న జాడీ మూతంత ఉండేది, ఇవాళ బండిచక్రమంత ఉంది. అంచులు పాతగోడ సున్నంలా పెచ్చులు రాలుతున్నాయి. రెండు కాకులు అందులోకెళ్ళి అక్కడే ఉండిపోతాయి.

"జాడీ విప్పి వెనక్కి పోసెయ్."

"వెయ్యేళ్ళు విప్పకూడదని తవరే కదండీ వేలిముద్దరేయించారు."

"పోనీ పచ్చి ఇటుకతో పూడిస్తే?"

"వానకి కరిగిపోద్దండి. వానుండేదే అక్కడ కదండీ."

అది నిజమేనని ఏసుపాదం ఒప్పుకుంటాడు. పెన్ను తీసి, ఆకాశం కంత పూడేదాకా బట్టీ మండవచ్చు అని కాగితం రాసి, లక్క కరిగించి ముద్ర వేస్తాడు. పదకొండు కుటుంబాలూ ఒక్కసారి లేచి ఊక బుట్టలెత్తుకుంటాయి.

పన్నెండో రోజుకి ఇటుక ఎర్రగా దిగుతుంది. నిచ్చెనకి నిచ్చెన కట్టి పల్లాలమ్మ పైకెక్కుతుంది. కింద ఏసుపాదం చొక్కా విప్పి తట్టలు అందిస్తాడు. వరస మీద వరస లేచి, కంత మూసుకొస్తుంది.

"ఒక్క ఇటుక సందు మిగిలిపోయిందే, పెట్టవేం?"

"పెడితే తవరి కాగితం చెల్లదు కదండీ. ఎల్లుండి మళ్ళీ బట్టీ అంటించాలి."

ఏసుపాదం ఆలోచిస్తాడు. ఏ తప్పూ కనబడదు. తట్ట బోర్లించి దానిమీద కూచుంటాడు.

ఆ సందులోంచి సాయంత్రం ఒక పడవ అడుగు కనిపిస్తుంది, నాచు పట్టి. పక్కనుంచి పడవ తోసే గెడకర్ర ఒకటి కిందికి దిగుతుంది, దిగుతూనే ఉంటుంది, బట్టీ పక్కన నేలని తడుముకుని ఆనుతుంది. పడవ ముందుకి సాగేలా పైనెవరో బలంగా ఒక తోపు తోస్తారు. బట్టీ, పదకొండు కుటుంబాలు, ఏసుపాదం కూచున్న తట్ట, ఊరు ఊరంతా జానెడు వెనక్కి జరుగుతుంది.