ప్రార్థనలో ఉన్న కోడలు

లిదియాకు ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడేది. సుబేదారిలో ఆమె పనిచేసే ఆఫీసులో సారు అరుపులు, దారి పొడవునా ఆటోల హారన్లు, ఇంటికొస్తే అత్త సువార్తమ్మ పిలుపులు. ఈ పిలుపులకు ఆదివారం సెలవు కూడా లేదు. ఫ్యాను పెంచమని ఒకసారి, తగ్గించమని ఒకసారి, ఏ పనీ లేకపోతే ఇంట్లోనే ఉన్నావా అని ఒకసారి. చివరికి ఒకరోజు ఆఫీసు మెట్ల మీదే ఊపిరాడక కూలబడితే, దవాఖానలో కౌన్సిలరమ్మ ఒక ఉపాయం చెప్పింది. పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చుని ఊపిరిని గమనించాలి. ఏ చప్పుడు వినబడినా చప్పుడు అని మనసులో అనుకుని వదిలెయ్యాలి, దాని వెంట పడకూడదు.

చెప్పడానికి బాగానే ఉంది, సువార్తమ్మ కూర్చోనిస్తే కదా. మొదటి రోజు లిదియా కళ్లు మూసుకోగానే అత్త కర్ర టకటకలాడిస్తూ గుమ్మం దాకా వచ్చింది. ఇక పిలుపు పడుతుందని లిదియా పళ్లు బిగబట్టింది. పడలేదు. ముసలామె కొంగు తలమీదికి లాక్కుని, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ప్రార్థనలో ఉన్న మనిషిని పిలవరు. ఇల్లు అంటుకున్నా ఆమేన్ అనేదాకా ఆగాల్సిందేనని కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే సువార్తమ్మ చెప్పింది.

కోడలికి భక్తి కుదిరిందని చర్చిలో అందరికీ చెప్పుకుని ఆమె మురిసిపోయింది. అది ప్రార్థన కాదని లిదియా చెప్పలేదు. చెప్తే ఉన్న కాస్త నెమ్మదీ పోతుంది. నేనేం అబద్ధమాడలేదు కదా అని సర్దిచెప్పుకుంది. నిజంగానే మనిషి తేరుకుంది, ఫోన్ మోగినా గుండె దడదడలాడడం మానేసింది. పోనుపోను అత్త పిలిచే వేళ చూసుకుని మరీ కళ్లు మూసుకునేది.

ఆ మంగళవారం భర్త ప్రభుదాసు హసన్‌పర్తి కాలేజీలో డ్యూటీకి వెళ్లాక అలాగే కూర్చుంది. కాసేపటికి కర్ర టకటక. చప్పుడు అనుకుని వదిలేసింది. కుర్చీ జరిపిన చప్పుడు. వదిలేసింది. తర్వాత గుమ్మం దగ్గర ఈల వేస్తున్నట్టు ఊపిరి, ఆగి ఆగి. ఇదివరకైతే అత్తకు రోజూ వచ్చే ఆ ఆయాసం వింటేనే ఒళ్లు మండేది. ఇవాళ మండలేదు. గెలిచానని లోలోపల సంతోషపడి దాన్నీ వదిలేసింది. ఆ చప్పుడూ ఆగిపోయింది. ఇల్లంతా ఎంత హాయిగా ఉందంటే, ఆమె ఇంకాసేపు కూర్చుంది.

కళ్లు తెరిచేసరికి సువార్తమ్మ గుమ్మం పక్కన కుర్చీలో ఒరిగిపోయి ఉంది. కొంగు తలమీదే ఉంది. ఒళ్లు వెచ్చగానే ఉంది, ప్రాణం లేదు.

సాయంత్రం శవపేటిక చుట్టూ జనం చేరారు. పక్కింటి రెబెకా లిదియా చేయి పట్టుకుని ఏడ్చింది. పొద్దున బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి ముసలామె కనబడిందని, ఛాతీ పట్టుకుని రొప్పుతుంటే లిదియాను పిలవనా అని అడిగానని చెప్పింది.

“వేలు నోటికాడ పెట్టి వద్దన్నదక్కా. ‘నా కోడలు ప్రార్థనల ఉన్నది బిడ్డా, అయిపోనీ, జరసేపు ఆగుత’ అన్నది. రోజు వచ్చే ఆయాసమే కావచ్చనుకొని నేను పోయిన.”

అదృష్టవంతురాలు, కోడలి ప్రార్థన నడుమ కన్నుమూసిందని వెనక ఎవరో అన్నారు. ప్రభుదాసు భార్య వైపు చూశాడు. అతని కళ్లలో కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు.

“మా అమ్మ పొయ్యేటప్పుడు దేవునితోని ఏం మాట్లాడినవ్ లిదియా?” అని మెల్లగా అడిగాడు.

అంతలో పాస్టరు అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. తలలన్నీ వంగాయి. లిదియా ఒక్కతే కళ్లు తెరుచుకుని నిలబడింది. మూసుకుంటే ఆ ఆయాసం వినబడుతోంది, దాన్ని వదిలెయ్యడం ఇక ఆమె చేత కావడం లేదు.