ముప్ఫై రెండు కంప్యూటర్లు, ఒక ప్యాకేజీ

"నువ్వెలాగూ లేచావుగా, నా చొక్కా కూడా ఇస్త్రీ చేసెయ్" అన్నాడు భర్త రామ్‌ప్రసాద్, కళ్లు తెరవకుండానే.

రజని అయిదింటికే లేచింది. గుడివాడ కాలేజీలో ఆమె ల్యాబ్ అసిస్టెంటు. పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకునే సాఫ్ట్‌వేరుకి ముందురోజు కొత్త వెర్షన్ వచ్చింది. అంటే ఇవాళ బందరు నుంచి మొదటి రైలు పట్టుకోవాలి.

సాఫ్ట్‌వేరు దానంతటదే కొత్తదైపోతుంది. దానికి తోడుగా, ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌లో ఉండే ఎక్స్‌టెన్షన్ మాత్రం పాత వెర్షన్‌కి తయారైంది కనుక మొరాయిస్తుంది. పిల్లలు తప్పు రాస్తే కింద ఎర్రగీత గీసి చూపించేది అదే. అది లేకపోతే మొదటి సంవత్సరం వాళ్లకి కాళ్లూచేతులూ ఆడవు. కాబట్టి దాన్ని కొత్త వెర్షన్‌కి సరిపోయేలా ప్రతి కంప్యూటర్ మీదా మళ్లీ తయారుచేయాలి, బిల్డ్ చేయడమంటే అదే. ముప్ఫై రెండు కంప్యూటర్లు! కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక్కోదాని ముందు ఒంగి నిలబడి, నడుం పట్టేసి, తొమ్మిదిన్నరకి పిల్లలొచ్చేసరికి అన్నీ సిద్ధం చేసేది.

"మా ల్యాబు ఎప్పుడూ ట్రబులివ్వదండీ" అని హెడ్ వెంకట్రామయ్యగారు వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేవారు. ఒకసారి కష్టంగా ఉందని రజని అంటే, "ఆడవాళ్లకి ఓపికెక్కువమ్మా, అందుకేగా నీకిచ్చాం" అని నవ్వారు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తలుచుకుంది. ఇంట్లోనూ అంతే. మావయ్యగారి మాత్రలు వేళకి అందుతాయి, బియ్యం నిండుకోకముందే డబ్బా నిండుతుంది, ఎవరూ ఏదీ అడగాల్సిన పని ఉండదు. అడగాల్సిన పని లేకుండా చేసే మనిషి ఉందని ఎవరికీ తట్టదు. దాన్ని ఓపిక అనేస్తే సరిపోతుంది కాబోలు. ఈ సాఫ్ట్‌వేరు వాడే ప్రతి ఊళ్లోనూ తనలాంటిది ఒకతె ఈ పొద్దున ఇలాగే బయల్దేరి ఉంటుంది. అసలు ఇంతమంది ఎందుకు బిల్డ్ చేయాలి? ఒక్కసారి చేసి, ఎక్స్‌టెన్షన్‌ని సాఫ్ట్‌వేరు వచ్చే ప్యాకేజీలోనే పెట్టి పంపేస్తే?

అది ఎవరైనా మార్పులు రాసి పంపగల సాఫ్ట్‌వేరు. నెలరోజులు, రైల్లో, బందరు పక్కనున్న చిలకలపూడికీ గుడివాడకీ మధ్య, ఎవరూ పేరుపెట్టి పిలవని ఆ కాసేపట్లో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ మార్పు రాసుకుంది. ఒక ఆదివారం పగలు కూడా తీస్తే రామ్‌ప్రసాద్ విసుక్కున్నాడు.

"అదేమన్నా నీకు ఎవరైనా చెప్పిన పనా?"

"కాదు" అంది రజని. అలా అనడం ఎంత బాగుందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

సాఫ్ట్‌వేరు నడిపేవాళ్లు రెండుసార్లు తప్పులు చూపించి తిప్పి పంపారు. మూడోసారి ఒప్పుకున్నారు. కొత్త వెర్షన్ ప్రకటనలో, ఇకమీదట ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీతోపాటే వస్తుందనీ, వాడేవాళ్లు మళ్లీ బిల్డ్ చేయనక్కర్లేదనీ రాసి, చివర ఆమె పేరు వేశారు. అత్తగారు మహాలక్ష్మికి ఫోన్లో చూపించింది.

"ఇంటిపేరు ఎవరిది వేశావే, మీవాళ్లదా, మాదా?"

"ఎవరిదీ వేయలేదత్తయ్యా. ఉత్త రజని."

మహాలక్ష్మి కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. "బాగుంది" అంది.

ఆ వెర్షన్ వచ్చిన రోజు రజని మొదటి రైలుకి కాక మామూలు రైలుకే వెళ్లింది. ఒక్కో కంప్యూటరూ తెరిచి, కావాలని తప్పు రాసి చూసింది. ముప్ఫై రెండింటిలోనూ ఎర్రగీత పడింది. క్యాంటీన్‌లో కూర్చుని, టీ వేడిగా ఉండగానే తాగింది.

మధ్యాహ్నం వెంకట్రామయ్యగారు పిలిచారు. "ఏమ్మా, నీకా పొద్దుటి పని తప్పిందటగా! మంచిది. ఆ రెండు గంటలూ ఎప్పట్లా ముందే వచ్చి పరీక్షల మార్కులు ఎక్కించేద్దువుగాని."

ఇన్నేళ్లూ ఇలాంటి మాటకి "సరేనండీ" అనేది. ఇవాళ ఆమెకి కోపం కూడా రాలేదు.

"ఆ రెండు గంటలూ కాలేజీవి కావండీ, నావి" అంది నవ్వుతూనే. "ఇన్నాళ్లూ మీ దగ్గరున్నాయి. వెనక్కి తీసుకున్నాను."