మాత్ర అసలైనదే

అక్క ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలినప్పుడు ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. బడిలో లెక్కలు చెప్పుకునే మనిషి. సిగరెట్టు పొగ సోకితేనే ముక్కు మూసుకునే రకం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ విషయం విడమరిచి చెప్పింది. గడ్డ కణాల్లో ఒక మీట పడిపోయి పైకి లేవడం లేదట. 'పెరుగు, పెరుగు' అని కణాన్ని ఊరికే తోస్తూనే ఉందట. ఆ మీట సందులో దూరి దాన్ని పనిచేయనివ్వకుండా చేసే మాత్ర ఉందని, రోజూ వేసుకోవాలని చెప్పింది.

తమ్ముడు పనిచేసేది మందుల గోడౌన్లోనే. అందుకని మాత్రలు తెచ్చిపెట్టే పని తన నెత్తినే వేసుకున్నాడు. జుట్టు నెరుస్తున్నా అక్క నోట అతనింకా 'చిన్నోడే'. వారాలు తిరగకుండానే ఆమె దగ్గు తగ్గింది. ఆకలి వేసింది. మళ్ళీ బడికి వెళ్ళి పిల్లల చెవులు మెలేసింది. ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు మాత్రం పోలేదు. అవి చూసినప్పుడల్లా బావ గొణిగేవాడు, ఈ మాత్రలు మనిషిని పీల్చేస్తున్నాయని. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే నెమ్మదస్తుడాయన. ఆ మాటను తమ్ముడు అప్పట్లో పట్టించుకోలేదు.

ఏడాది దాటాక దగ్గు తిరిగొచ్చింది. స్కానులో గడ్డ మళ్ళీ పెరిగింది. డాక్టరమ్మ రక్తం తీయించి రెండు పరీక్షలకు పంపింది. మందు ఒంట్లో ఎంత ఉందో ఒకటి, గడ్డ స్వభావం ఏమైనా మారిందేమో ఇంకొకటి. అందరినీ అడిగినట్టే, "మాత్రలు ఏరోజూ మానలేదు కదా?" అని అడిగింది. అక్క మానలేదంది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడి మనసులో అనుమానపు పురుగు దూరింది అప్పుడే.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింట్లో మంచినీళ్ళ కోసం లేచి వంటింటి వైపు వెళ్ళబోయిన తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బావ మందుల అలమర తలుపు తీసి, అటూ ఇటూ చూసి, ఒక మాత్రల పట్టీని చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. దద్దుర్లు చూడలేక మందు ఎగ్గొట్టిస్తున్నాడా? పట్టీలో ఉండాల్సినదాని బదులు ఇంకేదైనా పెడుతున్నాడా? నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు పనిమీద వచ్చినట్టు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. బావ అద్దం అంచు అరగదీస్తున్నాడు. అలమరలో ఒక పట్టీ తక్కువైందని, ఎక్కడైనా చూశారా అని మాట కదిపాడు.

"నేనెందుకు చూస్తాను? మీ అక్క ఎక్కడో పెట్టుంటుంది," అన్నాడు బావ తల ఎత్తకుండా.

ఆ అబద్ధంతో తమ్ముడి అనుమానం ఖాయమైపోయింది. అప్పట్నించి మాత్ర వేళకు ఠంచనుగా దిగేవాడు. తన చేత్తో తీసి ఇచ్చి, అక్క మింగేదాకా కదిలేవాడు కాదు. నోరు తెరిచి చూపించమనడం ఒక్కటే తక్కువ. బావ ముఖం ముడుచుకునేది. ఆయనా ఊరుకోలేదు. తమ్ముడు తెచ్చిన ప్రతి డబ్బానూ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అక్షరం అక్షరం చదివేవాడు. ఆ చూపు తమ్ముడికి చురుక్కుమనేది గానీ, తన తప్పు కప్పిపుచ్చుకునే వేషాలే అనుకున్నాడు. అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దగ్గుకుంటూ దుప్పటి కప్పుకునేది.

ఫలితాలు వచ్చాయని కబురొస్తే ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి నేరుగా అక్కతో మాట్లాడింది. రక్తంలో మందు ఉండాల్సినంత ఉంది, మీరు మానలేదని తెలుస్తూనే ఉంది అంది. అయితే బావ ఏమీ ఎగ్గొట్టించలేదన్నమాట, అనుకున్నాడు తమ్ముడు. ఆమె బావ వైపు తిరిగింది.

"మీరిచ్చిన పట్టీ మావాళ్ళు కంపెనీకి పంపి కనుక్కున్నారు. మాత్ర అసలైనదే. నకిలీ సరుకు కాదు."

తమ్ముడికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బావ అనుమానించింది తననే. గోడౌన్ నుంచి నకిలీ మాత్రలు తెచ్చి సొంత అక్కకు మింగిస్తున్నాడేమోనని.

"మరి ఎందుకు పెరిగింది?" అని అక్కే అడిగింది.

గడ్డలో కణాలన్నీ ఒక్కలా ఉండవని డాక్టరమ్మ చెప్పింది. పెరిగే కొద్దీ వాటిలో కొత్త కొత్త మార్పులు వస్తుంటాయి. కొన్నింటిలో ఆ మీట ఆకారమే కాస్త మారింది. ఆ సందులో ఈ మాత్ర ఇక పట్టడం లేదు. మందుకు లొంగినవి చచ్చిపోతుంటే, లొంగనివి ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకున్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మారిన మీటకు సరిపడే మాత్ర వేరే ఉంది, అది మొదలుపెడదాం అంది. కొన్నాళ్ళకు గడ్డ దాని నుంచి కూడా తప్పించుకోవచ్చని, ఆ మాట దాచనని కూడా చెప్పింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అక్క నోరు విప్పింది.

"అయితే ఇన్నాళ్ళూ నా జబ్బును గాలికొదిలేసి, మీరిద్దరూ ఒకరికొకరు కాపలా కాశారన్నమాట."

తమ్ముడే ముందు తేరుకున్నాడు. "మీరు మందు ఎగ్గొట్టిస్తున్నారనుకున్నాను బావా," అన్నాడు. బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, అది శుభ్రంగానే ఉన్నా. "నీ ముఖం మీద అడగలేక దొంగతనం చేశాను. అడగాల్సింది," అన్నాడు.

కొత్త మాత్రతో అక్క దగ్గు మెల్లగా వెనకపట్టు పట్టింది. తర్వాతి స్కానులో గడ్డ చిన్నదైంది. బావాబావమరుదులు పూర్వంలా నవ్వుకోవడానికి మాత్రం ఇంకా టైము పట్టేలా ఉంది. మాటలు వస్తున్నాయి, మర్యాద కాస్త ఎక్కువైంది. అక్క మళ్ళీ బడికి వెళుతోంది. తమ్ముడు వచ్చి ఉన్నప్పుడు ఆమె పొలమారి దగ్గితే చాలు, పక్క గదుల్లోంచి ఇద్దరూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. ఆమె ఇద్దరినీ చూసి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది.