దారం కట్టిన కాయ

పన్నెండేళ్ళుగా ఆ పెరట్లో ఒకటే పోటీ, ఒకటే గెలుపు. టమాటాలు పండాక ఒక ఆదివారం అమ్మ అన్ని రకాలూ కోసి, ముక్కముక్కకీ ఇంత ఉప్పు జల్లి ఇంటిల్లిపాదికీ రుచి చూపించేది. నెగ్గిన కాయ గింజలకే గాజుగ్లాసు యోగం. మూడు రోజులు నీళ్ళలో పులిసి, కడిగి ఆరబెట్టాక అవి కవరులోకి చేరేవి. మిగతావన్నీ కూరలోకి. కవరు మీద ఎవరి పేరుంటే వచ్చే ఏడు పెరట్లో మంచి మడి వాళ్ళది. ఆ పేరు ప్రతిసారీ పెద్దకూతురిదే.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. రోజుకి వందమంది చేతులకి రబ్బరు పట్టీ కట్టడం, విప్పి చుట్టి పక్కన పెట్టడం, సీసాల మీద పేర్లు రాయడం. ఇన్నేళ్ళలో ఒక్క పేరూ తారుమారు కాలేదని ఆవిడకి గొప్ప. ఆవిడ పెంచేది అమ్మమ్మ నాటి మడతలకాయ. చిన్న గుమ్మడిపండులా మడతలు పడి, అరచేతినిండా ఉండి, పులుపుతో నాలుక చివర చురుక్కుమనిపించేది.

ఈ ఏడు తమ్ముడి పెళ్ళాం తన పుట్టింటి గింజలు తెచ్చి నాటింది. మసికాయ అంటారట. భుజాల దగ్గర మాడిన గిన్నె అడుగులా నలుపు, కిందికి దిగేకొద్దీ ఎరుపు. ఒక్క మొక్కే బతికింది. దాని మొదటి గుత్తిలో బాగా ఎదిగిన కాయకి ఎర్రదారం కట్టింది మరదలు.

"ఇది విత్తనానికి వదినా. ఎవరూ ముట్టుకోకూడదు."

"ముట్టుకునేంత ముద్దుగా ఏం లేదులే."

మరదలు పకపకా నవ్వేసింది. మాట తగిలి ఉంటే పెద్దకూతురికి హాయిగా ఉండేది. తగల్లేదు. ఆ నవ్వే ఒంటికి కారం రాసినట్టయింది.

అంతకన్నా మంట అమ్మ వల్ల. వారం రోజులుగా అమ్మ పొద్దున్నే లేచి నేరుగా మసికాయ దగ్గరికే వెళుతోంది. మడతలకాయల్ని దాటిపోతోంది, ఎప్పుడూ అక్కడే ఉండే కుర్చీని దాటినట్టు.

ఆదివారం అందరికన్నా ముందు పెద్దకూతురే పెరట్లోకి వెళ్ళింది. దారం కట్టిన కాయ వాసన చూద్దామనే వంగింది. కోసిందీ, కొరికిందీ తర్వాతే తెలిసింది. ముందు తీపి, దాని వెనక కాస్త ఉప్పన, ఆ వెనక ఏదో పొగలాంటిది. చెడ్డగా ఉంటే ఉమ్మేసి ఊరుకునేది. బాగుంది కాబట్టే తొడిమ దాకా తినేసింది. మూతి చొక్కా చేతికి తుడుచుకుంది.

రుచి చూసే వేళకి మసికాయ మొక్కకి దోరకాయలే మిగిలాయి. మరదలు వాటిలోంచే ఒకటి తెచ్చి కోసింది. చప్పగా ఉంది.

"ఉడత కొట్టేసినట్టుంది అత్తయ్యా," అంది ముఖం చిన్నబుచ్చుకుని.

"ఉడతేలే," అన్నాడు తమ్ముడు నోటినిండా ముక్కతో. "కాకపోతే బాగా చదువుకున్న ఉడత. ముడి విప్పి, దారం చుట్ట చుట్టి, ఊతకర్రకి తగిలించి మరీ తింది."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. దారం విప్పినట్టు ఆవిడకి గుర్తే లేదు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి.

అమ్మ నవ్వలేదు. మడతలకాయ ముక్క నమిలి, "బాగుందే. ఎప్పటిలాగే," అంది. ఏడాది పొడుగునా పెద్దకూతురు ఎదురుచూసే మాటే అది. ఇవాళ ఆవలింతలా వినబడింది.

వంటింట్లో ఇద్దరే మిగిలాక అమ్మ మడతలకాయ గింజలు గ్లాసులోకి పిండి, "చెయ్యి ఇలా తే," అంది. చొక్కా చేతి అంచుకి మూడు గింజలు ఎండి అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటీ గోటితో మెల్లగా ఊడదీసి, కిటికీ వెలుగుకి పట్టి చూసి, రెండో గ్లాసులో వేసింది.

"నీ రాత గుండ్రంగా ఉంటుంది. రెండు చీటీలు రాయి, ఏది ఎవరిదో."

తారుమారు చేద్దామన్న ఊహ కలం మొన దాకా వచ్చింది. అలవాటు ఆ పని చేయనివ్వలేదు. మరదలి పేరు గుండ్రంగానే పడింది. గొంతు మాత్రం చిన్నపిల్లదైపోయింది.

"నావి కూడా ఒక్కసారి వెలుగుకి పట్టి చూడవే అమ్మా."

"నీవేం చూస్తానే, నాకు తెలియనివా?" అంది అమ్మ. అంటున్నప్పుడు కూడా ఆమె కళ్ళు రెండో గ్లాసు మీదే ఉన్నాయి.