గేటుకాడి బాపు

2005లో మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఒక డీటీపీ సెంటర్లో గిడియోన్ పెళ్లి పత్రికలు కంపోజ్ చేసేవాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఇంటర్నెట్ తెరిచి 'నాలుగు రోడ్లు' అనే చర్చావేదికలోకి పోయేవాడు. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో అక్కడ చేరి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తూ సెల్‌ఫోన్ల గురించి, ఎలక్షన్ల గురించి, కులాల గురించి వాదించుకునేవాళ్లు. గిడియోన్ కూడా మొదట్లో బరువైన అభిప్రాయాలే రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు.

ఒకరోజు సెల్‌ఫోన్ల మీద గొడవ జరుగుతుంటే, ముందు రోజు తండ్రి అన్న మాట గుర్తొచ్చి అదే రాసేశాడు. "మా గేటుకాడి బాపు ఏమంటడంటే, పక్కింటోడు సస్తే తెల్వది గని, అందరి జేబులల్ల గంట మోగుతనే ఉంటదట." సాయంత్రానికి ఇరవై మంది మెచ్చుకున్నారు. ఎవరీ బాపు, ఇంకేమన్నాడు అని అడిగారు.

తండ్రి యేసయ్య కొంపల్లిలో విల్లాల గేటు దగ్గర వాచ్‌మన్. పొద్దున్నే సెవెన్ సీటర్ ఆటో ఎక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. కాళ్లు కడుక్కుని పళ్లెం ముందు కూర్చున్నాడంటే ముచ్చట మొదలయ్యేది. భార్య ఎలీషమ్మ నవ్వు ఆపుకోలేక కూర గిన్నె కింద పెట్టేది.

"లోపలున్నోళ్లకు భయం, బయటున్నోళ్లకు ఆకలి. నడుమ నాకొక కుర్సీ ఏసిండ్రు."

"గేటు ఎదురింటి మైసయ్య పొలం అమ్మి కారు గొన్నడు. గా కారు తోలుకుంట పొలం సూసొస్త అంటడు. ఏ పొలం అంటే మాట్లాడడు."

"ఓట్లప్పుడు లీడర్లకు మన గల్లీ మంచిగ దొరుకుతది. గెలిసినంకనే తొవ్వ మర్శిపోతరు."

గిడియోన్ ఇవన్నీ మనసులో పెట్టుకుని మర్నాడు 'నాలుగు రోడ్లు'లో పెట్టేవాడు. తండ్రికి మాత్రం చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి గేటుకాడి బాపు మాట పడితే తప్ప అక్కడ ఏ వాదనా తేలేది కాదు. దుబాయి నుంచి ఒకాయన రోజూ "బాపు ఏమన్నడు?" అని అడిగేవాడు. పెళ్లి పత్రికల్లో ఎవరెవరి పేర్లో కొట్టుకుంటూ గడిపే గిడియోన్‌కి, తన కోసం మనుషులు ఎదురు చూడటం కొత్త. ఆ కొత్తకు అలవాటు పడ్డాడు. తండ్రి ఏమీ అనని రోజున తానే కల్పించేవాడు. కల్పించినప్పుడల్లా బాపు కొంచెం అమాయకుడయ్యేవాడు. విల్లా వాళ్ల కుక్కకు సెల్యూట్ కొట్టేవాడు, ఇంటర్‌కమ్‌లో వినిపించే గొంతుకు వంగి దండం పెట్టేవాడు. అమాయకుడైన కొద్దీ నవ్వేవాళ్లు పెరిగారు.

ఆ రోజుల్లోనే పల్లెపల్లెకూ కంప్యూటర్ అవసరమా అని పెద్ద చర్చ నడిచింది. గిడియోన్ రాశాడు: "మా బాపుకు కంప్యూటర్ ఎందుకు? ఇరవై ఏండ్ల సంది చర్చిల పాటల పుస్తకం తలకిందులు పట్టుకొని పాడుతున్నడు. దేవుడు గూడ కనిపెట్టలే."

యేసయ్యకు చదువు రాదు. చర్చిలో పాస్టరు పాట నంబరు చెప్పగానే అందరికంటే ముందు పుస్తకం తెరిచి పాట ఎత్తుకునేది ఆయనే. నాలుగైదు వందల పాటలు ఆయనకు నోటికి వచ్చు. ఆయన చదివే పాడుతున్నాడని చర్చిలో అందరి నమ్మకం. గిడియోన్ పదో తరగతిలో ఉండగా, తండ్రి తెరిచిన పేజీలో ఉన్నది ఆ పాట కాదని చూశాడు. ఇంటికొచ్చాక అడిగితే యేసయ్య తల దించుకున్నాడు. "నాకు రాదు బిడ్డ. వచ్చినోని లెక్క నిలబడుత. మీ అమ్మకు తప్ప ఎవ్వలకు ఎర్కలే. నువ్వు గూడ చెప్పకు."

ఆ మాట గుర్తుండే గిడియోన్ రాశాడు. బాపు ఎవరో ఎవరికి తెలుసని అనుకున్నాడు. ఆ పోస్టుకు వచ్చినన్ని జవాబులు అంతకు ముందు దేనికీ రాలేదు.

విల్లాల్లో పరమేశ్ అనే ఇంజనీరు ఉండేవాడు. 'నాలుగు రోడ్లు' చదివేవాడు. గేటు, కుర్చీ, మైసయ్య కారు చూసి బాపు ఎవరో పోల్చుకున్నాడు. చెడ్డవాడు కాదు. సంతోషంతోనే ఆ పోస్టులన్నీ ప్రింటు తీసి, ఒక పొద్దున గేటు దగ్గర నిలబడి యేసయ్యకు చదివి వినిపించాడు. డ్రైవర్లు, పనివాళ్లు చుట్టూ చేరారు. అందులో సగం మంది మేడ్చల్ వాళ్లు, యేసయ్య చర్చి వాళ్లే. మొదటి కాగితాలకు యేసయ్య కూడా నవ్వాడట. తన మాటలే కంప్యూటర్లో ఉన్నాయని మురిసిపోయాడట. పరమేశ్ పాటల పుస్తకం దాకా వచ్చాడు. అదీ చదివాడు.

ఆ సాయంత్రం యేసయ్య ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోలేదు. కొడుకు ముందు నిలబడ్డాడు.

"గది గూడ రాసినవా?"

గిడియోన్ లేచి నిలబడ్డాడు.

"తలకిందులు ఎన్నడు పట్టలే బిడ్డ. అట్ట మీద సిలువ ఉంటది. అది సూసుకొని పట్టుకుంటుంటి."

"తీసేస్త బాపు. ఇప్పుడే పోయి తీసేస్త."

"ఎందుకు? మంచిగనే రాసినవట. అందరు నవ్విండ్రు."

గిడియోన్ వెళ్లి ఆ పోస్టు తీసేశాడు. అప్పటికే అది మెయిళ్లలో ఎక్కడెక్కడికో పోయింది. ఆ తర్వాతి ఆదివారం యేసయ్య పుస్తకం ముట్టుకోకుండా చర్చిలో వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు రెండుసార్లు నంబరు చెప్పి ఆయన వైపు చూశాడు. ఆయన పెదవి కదల్లేదు.

ఇంట్లో కూడా అంతే. కోపం చూపలేదు, తిట్టలేదు. అన్నం పెట్టు, తలుపేయి, ఆటో వచ్చింది, అంతవరకే. కొడుకు లేనప్పుడు ఎలీషమ్మతో ఏదైనా మొదలుపెట్టినా, గడప దగ్గర చెప్పుల చప్పుడు వినగానే ఆగిపోయేవాడు. గిడియోన్ కావాలనే ఆలస్యంగా ఇంటికి రావడం నేర్చుకున్నాడు, తల్లికైనా ఆ మాటలు దక్కుతాయని.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం యేసయ్య గేటు దగ్గర కుర్చీలోనే గుండె ఆగి చనిపోయాడు.

తండ్రి పోయిన మూడో రోజు, సమాధి చేసి వచ్చాక, గిడియోన్ 'నాలుగు రోడ్లు' తెరిచాడు. ఇన్నాళ్లు నవ్వినవాళ్లకు చెప్పాలనిపించింది. "గేటుకాడి బాపు మా నాయినే. పేరు యేసయ్య, మాది మేడ్చల్. మంగళవారం చనిపోయిండు" అని రాశాడు. కాసేపటికి జవాబులు వచ్చాయి. "హహహ. బాపు పైన గేటు గూడ కాస్తుండా?" "పేరే యేసయ్యనట, మల్ల లేస్తడు తియ్, మూడో రోజే కదా." ఒకరి వెంట ఒకరు నవ్వారు. గిడియోన్ నిజమని మళ్లీ రాశాడు. ఇంకా ఎక్కువ నవ్వారు.

ఆదివారం 'నాలుగు రోడ్లు' చదివే ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అల్వాల్‌లో చిన్న కిరాణా కొట్టట, పేరు నగేష్. చేతిలో బత్తాయిల సంచి ఉంది. "బాపును సూద్దామని వచ్చిన. చనిపోయిండని రాస్తే ఆట పట్టిస్తుండ్రనుకున్న" అని, గోడకు పూలదండ వేసిన ఫొటో చూసి గడపలోనే ఆగిపోయాడు.

ఎలీషమ్మ లోపలికి రమ్మంది. "నీకు మా ఆయన ఎట్ల ఎరుక బిడ్డ?"

"ఎరుకలేదమ్మా. మాటలు ఎరుక." అతను కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. కుర్చీ ముచ్చట, మైసయ్య కారు, ఓట్ల ముచ్చట. ఎలీషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "గిట్లనే అంటుండె. ఇంకేమున్నయి, చెప్పు బిడ్డ" అంది.

"పాటల పుస్తకం ముచ్చట ఒకటుండె—"

"గది వద్దు," అంది ఎలీషమ్మ నెమ్మదిగా. కొడుకు వైపు చూడలేదు.

గిడియోన్ అతన్ని స్టేషన్ దాకా దిగబెట్టడానికి వెళ్లి, ప్లాట్‌ఫారం మీద జరిగిందంతా చెప్పాడు.

"నేను గూడ నవ్విన అన్నా," అన్నాడు నగేష్. ప్యాసింజర్ రాగానే ఎక్కేశాడు.

గిడియోన్ తిరిగి వచ్చేసరికి తల్లి నగేష్ తాగిన చాయ్ గ్లాసు కడుగుతోంది.

"ఇంకెవలన్న వస్తరా, గిట్ల ఆయన ముచ్చట్లు చెప్పెటోళ్లు?"

"తెల్వదమ్మ."

"వస్తే కూసోబెట్టు," అంది. "నేను చర్చికి పోయినా సరే, వచ్చేదాంక ఆపు."