అద్దమైన చర్మము

వైశాఖ బహుళపక్షమున గుంటూరు నగరముమీద సూర్యుడు పూర్వాహ్ణమునందే మధ్యాహ్న ప్రతాపమును చూపుచుండగా మిరపకాయల గిడ్డంగులనుండి లేచిన ఘాటు వడగాలితో చేయి కలిపి వీథివీథిని సంచరించుచు బాటసారుల కన్నులను మండించుచు వేపచెట్ల నీడలలో సైతము ఎవ్వరిని నిలువనీయక తరుముచుండెను. ఇట్టి దినమున వివేకియగు వర్తకుడు దుకాణపు గడప దాటడు. దాటినచో నెండకు మించిన లాభమేదియో యెదుట కనబడియే యుండవలయును.

చలువాది పానకాలయ్య యట్టి లాభమునే కోరి ఊరిచివరనున్న యొక వైద్య పరిశోధనాలయమునకు వచ్చెను. కిరాణా సరకులయందును మిఠాయి రంగులయందును తాతలనాటినుండి పేరుగాంచిన యంగడి అతనిది. ఆ సంస్థయొక్క విద్యార్థి వసతిగృహమునకు ఏడాది పొడవున సరకులు పంపు నొడంబడిక ఆచార్య తారకేశ్వరరావు సంతకముపై నాధారపడి యుండెను. ఆ కాగితమును చేతబట్టుకొని వచ్చిన వర్తకుని ఆచార్యుడు నవ్వుచు ప్రయోగశాలలోనికి తోడ్కొనిపోయెను.

“రండి పానకాలయ్యగారూ, సంతకం ఎక్కడికీ పోదు. ముందు మీ రంగు మహిమ చూద్దురుగాని. మా మందాకిని ఇవాళ ఎలుక పొట్టని అద్దం చేస్తుందట.”

మందాకిని యను యువశాస్త్రజ్ఞురాలు తలయెత్తలేదు. ఆమె యెదుట బల్లమీద మత్తుమందుచే నిద్రించుచున్న తెల్లని చిట్టెలుక యొకటి వెల్లకిల పరుండి యుండెను. దాని ప్రేగును త్రెంచి మరల అతికి, అతుకు మానుటకై క్రొత్త యౌషధమొకటి ప్రయోగించి యుండిరి. తోడి ఎలుకలన్నియు మరణింపగా నిదియొక్కటే మిగిలెను. అతుకు నిలిచెనో లేదో తెలిసికొనుటకు పూర్వపద్ధతి కడుపు కోయుటయే. కోసినచో నేటి సంగతి తెలియును గాని ప్రాణి మరణించును, ఔషధము మున్ముందేమి చేయునో ఎన్నటికిని తెలియదు. కత్తి లేకయే చూపెదనని మందాకిని పట్టుబట్టగా, మత్తు దిగులోపల చూపనిచో కత్తియే గతియని ఆచార్యుడు నియమము పెట్టెను.

ఆమె నమ్మిన యుపాయము వర్తకునికైన సులభముగా బోధపడునట్టిదే. చర్మము రంగువలన కాక తనలోని కలహమువలన చూపు నడ్డగించుచున్నది. అందలి నీరు వెలుగును కొంత వంచును, క్రొవ్వు అంతకంటె నధికముగా వంచును. ఒకే త్రాసున రెండు తట్టలు రెండు తీరులుగా నూగినట్లు ఈ వ్యత్యాసమున చిక్కిన వెలుగు నలుదిక్కుల చెదరిపోవును. మిఠాయిలలో వేయు పసుపురంగును చిక్కగా కరగించి పూసినచో నీరు బరువెక్కి క్రొవ్వుతో సరితూగును. తట్టలు సమమైన క్షణమున వెలుగు తొట్రుపడక లోనికి సాగును. పూర్వము తెప్పించిన రంగు ముగిసిపోవుటచే నిన్నటిదినమున మందాకిని పానకాలయ్య యంగడినుండి సరకు తెప్పించెను.

ఆమె రంగునీటిని వ్రేలికొనతో ఎలుక యుదరముపై మృదువుగా రుద్దెను. చర్మము పసుపెక్కెను గాని తెరచుకొనలేదు. మరల రుద్దెను. తెరచుకొనకపోగా ముడుతలుపడి బిగిసెను. ఎలుక యూపిరి వడివడిగా నాడసాగెను.

“చాల్లేమ్మా,” అని ఆచార్యుడు కత్తిపళ్లెమును దగ్గరకు జరిపెను. “లడ్డూ రంగుతో సైన్సు అంటే నేను అప్పుడే చెప్పా.”

మందాకిని చేయి యాగెను. ఆమె వర్తకునివైపు తిరిగెను. “బాబాయిగారూ, నిన్న ఫోన్లో అసలైన రంగేనా అని అడిగితే అసలైనదే అన్నారు. ఇందులో ఇంకేదైనా కలిసి ఉంటే చెప్పండి, కడిగేసి ఆగుతాను. ఏమీ లేదంటే తప్పు నా పద్ధతిది. కత్తి నేనే తీస్తాను. అంతా మీ మాట మీదే ఉంది.”

పానకాలయ్య హృదయమున లెక్క మొదలయ్యెను. మౌనము వహించినచో సంతకము చేతికి వచ్చును, ఎలుక చచ్చును, లోకమున నెవ్వరును తన్ను ప్రశ్నింపరు. నోరు విప్పినచో నొడంబడికతోపాటు అంగడి పేరును పోవచ్చును. ఒక తట్టలో నన్నియు, వేరొక తట్టలో గోరంత ప్రాణి. ఇంత సులభమైన తూకము తన జీవితమున నెరుగడు. ఐనను ముల్లు నిలువదయ్యెను. తన సరకును నమ్మి కొన్నవారు నగరమున ననేకులు గలరు గాని తన మాటను నమ్మి కత్తి పట్టబోయినవారు అంతకుముందు లేరు.

“ఉప్పుందమ్మా,” అనెను. “సగానికి సగం.”

ఆచార్యుడు కత్తిపళ్లెమును విడిచి వర్తకునివైపు తిరిగెను.

“మోసం కాదు, మా రివాజు. వంటవాళ్లు గుప్పిళ్లతో పోస్తారు. వట్టి రంగు అలా పోస్తే లడ్డూ చేదెక్కుద్ది. అందుకని ఉప్పు కలిపి పలచన చేసి అమ్ముతాం. మా కొట్లో అసలైనదంటే అదే. కలపంది ఒక డబ్బా ఉంది, తెప్పిస్తా.”

“మా అమ్మాయి పెళ్లి లడ్డూల్లోనూ ఉప్పేనన్నమాట,” అనెను ఆచార్యుడు.

“మీరు బావున్నాయనే అన్నారు సార్.”

పానకాలయ్య భార్యకు ఫోను చేసెను. కనకరత్నమ్మ స్వరము గదియంతయు వినబడెను. “ఉప్పు కలపందా? అది చచ్చినా ఎవరికీ ఇవ్వొద్దన్నారుగా. ఎవరు వాళ్లు, అంత గొప్పోళ్లు? ముందు అన్నానికి రండి.”

“అన్నం తర్వాత. డబ్బా పట్టుకుని ఆటో ఎక్కవే.”

మందాకిని గోరువెచ్చని నీటితో ఉప్పును కడిగి తడిబట్ట కప్పెను. ముడుతలు సడలెను గాని ఎలుక వెనుకకాలు ఒకమారు కదలెను. మత్తు దిగుచుండెను.

“ఇంకో డోసు ఇవ్వు,” అనెను ఆచార్యుడు.

“ఇస్తే మళ్లీ లేవదు సార్.”

ఆయన గడియారమును చూచెను. ఆమె ఎలుకను చూచెను. పానకాలయ్య ద్వారమును చూచెను. కాలు రెండవమారు కదలినప్పుడు ఆచార్యుడు కత్తిని చేతికెత్తుకొనెను. అంతలో చెమటతో తడిసిన కనకరత్నమ్మ డబ్బాతో ప్రవేశించి కత్తిని, ఎలుకను, భర్తను వరుసగా చూచి “ఇందుకా?” అనెను.

మందాకిని మూత పెకలించి రంగును తూచి కరగించెను. ఉప్పు లేని చిక్కదనముచే నది పసుపుగా కాక నెత్తురువలె ఎఱ్ఱగా నుండెను. వ్రేలు చర్మముపై తిరుగుచుండగా మొదట నూనె సోకిన కాగితమువలె ఒకచోట మసక వీడెను. పిదప ఆ మసక యంచులకు తొలగెను. అనంతరము చర్మమున్నదో లేదో తెలియరాని కాషాయపు వెలుగులో కాలేయపు అంచును దాని క్రింద చుట్టలుచుట్టుకొన్న ప్రేగును నడుమ నల్లని కుట్లును ప్రత్యక్షమయ్యెను. ప్రేగుపై ఆహారమును నెట్టు కదలిక యొకటి అలవలె బయలుదేరెను. కుట్లయొద్దకు వచ్చి క్షణకాలము సందేహించినట్లు నిలిచెను. దాటెను. దాటి ఆవలికి సాగిపోయెను.

ఆచార్యుడు కత్తిని క్రింద పెట్టెను.

రంగు కడుగగా చర్మము మరల తెల్లనై మూసికొనెను. ఎలుక తూలుచు లేచి మీసములు దువ్వుకొనెను. ఆచార్యుడు వసతిగృహపు కాగితమును సంతకము లేకయే మడిచి వర్తకుని చేతికి తిరిగి యిచ్చెను.

“ఎలుకని కడిగారు, మళ్లీ మామూలైంది,” అనెను పానకాలయ్య. “నా సంగతేంటమ్మా?”

“మీకు నీళ్లు చాలవు బాబాయిగారూ,” అని మందాకిని చేతులు జోడించెను.

వర్తకమున దాచిన సరకుకు ధర కలదు, చూపిన సరకుకును ధర కలదు. ఒకమారు తన లోపలిది చూపినవాడు మాత్రము పిమ్మట మూతవేసికొని బేరమాడజాలడు. ఈ లెక్క యెరిగియే పానకాలయ్య కాగితమును జేబులో పెట్టుకొని భార్య వెంట నెండలోనికి నడచెను. మిరపఘాటునకో మరి దేనికో అతని కన్నులు చెమర్చి యుండెను. అతడు వానిని తుడుచుకొనలేదు.