ఒక్క తప్పున్న దరఖాస్తు

మా ఆయన సత్యానందం పదహారేళ్ళుగా చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్. ఎడపల్లి నుంచి నవీపేట్ దాకా సైకిల్ మీద తిరిగి, ఏ రైతు చెరుకు ఎప్పుడు నరకాలో చెప్పే పని. సైకిల్ బాగానే ఉంది, మోకాళ్ళే అరిగిపోయాయి. అందుకే ఎనభై ఎనిమిదిలో కేన్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఖాళీ అయి, ఉన్నవాళ్ళలోంచే తీసుకుంటామని నోటీసు పెట్టినప్పుడు నాకు కనిపించింది జీతం కాదు, ఇన్‌స్పెక్టర్‌కిచ్చే మోటార్ సైకిల్. పోటీకి రామ్‌దాస్ ఒక్కడే. అతనికి పని నేర్పింది మా ఆయనే. మోకాళ్ళు మాత్రం అతనివి కొత్తవి.

శనివారం లోపల దరఖాస్తు, బయోడేటా ఇవ్వాలన్నారు. ఈయన రెండు రోజులు అరుగు మీద కూర్చుని తెలుగులో రాసి, ఇంగ్లీషు చెయ్యమని నా చేతిలో పెట్టాడు. బి.ఏ. చదివినందుకు మా ఇంట్లో నాకు దక్కిన ఉద్యోగం అదొక్కటే.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "అయ్యా, నేను అయోగ్యుడను."

మా చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళంతా అలాగే మొదలుపెడతారు. ముందు తప్పులన్నీ ఒప్పుకోవాలి, తర్వాత దేవుడు చేసిన మేలు చెప్పాలి. నలుగురి ముందు ఈయన తన గురించి తాను మాట్లాడింది అక్కడొక్కచోటే. వేరే పద్ధతి తెలియదు. నాలుగు పేజీల్లో మూడున్నర తప్పులే. చెరుకు తూచే కాంటా దగ్గర కునుకు తీస్తే ముప్పై ఎడ్లబండ్లు ఆగిపోయిన రోజు. భూమవ్వ ఏడిస్తే చూడలేక, వరుస తప్పించి ఆమె చెరుకు ముందు నరికించిన సంగతి. రైతుల్ని అడగకుండా తిన్న గడలు, వాటి లెక్క దేవునికే ఎరుక. అకాల వానలు పడ్డ ఏడాది బురదలో బండ్లన్నీ దగ్గరుండి దాటించి నూరెకరాల పంట కాపాడిన ముచ్చట మాత్రం చివరి అరపేజీలో, సన్నని అక్షరాల్లో.

ఆ అరపేజీని మూడు పేజీలు చేశాను. తప్పులన్నీ కొట్టేశాను. చదివి వినిపిస్తే ఆయన మొహం మాడిపోయింది.

"గిది ఎవల గురించి రాసినవ్?"

"మీ గురించే."

"గింత మంచోడు గిన్నేండ్లు సైకిలెందుకు తొక్కుతున్నడని అడగరా? ఒక్క తప్పన్న లేకుంటె నేను సంతకం పెట్ట."

బేరం మొదలైంది. కునుకు వద్దన్నాను, ఉన్న ఉద్యోగం పోతుందని. భూమవ్వ వద్దన్నాను, రేపట్నుంచి ఊరంతా ఏడ్చుకుంటూ వస్తుందని. ఇంకేదైనా చిన్న తప్పు దొరక్కపోదని వెతుకుతుంటే, ఆయన రాసిన తొమ్మిదో తప్పును నేను సరిగ్గా చదవనే లేదని తెలిసింది. అత్త యేసమ్మ చనిపోయిందని చెప్పి రెండుసార్లు సెలవు తీసుకున్నాడట. ఒకసారి గోదావరిలో చేపలకు, ఒకసారి నిజామాబాద్‌లో సర్కస్‌కు.

మా అమ్మ ఇందల్వాయిలో నిక్షేపంగా ఉంది. పోయిన వారమే ఈయనకిష్టమని మామిడికాయ తొక్కు పంపింది.

"సర్కస్‌కు ఎవలతోని పోయిన్రు?" అని అడిగాను.

"ఒక్కన్నే."

అమ్మను రెండుసార్లు చంపినందుకు నాకు కోపం రాలేదు. ఒక్కడే పోయి ఏనుగుల్ని చూసొచ్చి, ఏమీ ఎరగనట్టు ఇంట్లో అన్నం తిన్నందుకు వచ్చింది. ఈ తప్పే ఉంచుదామన్నాను. ఆయన నసిగాడు గానీ, ఒక్కటన్నా ఉండాలన్నది తనే కదా. సంతకం పెట్టాడు.

బోధన్‌లో టైపు చేయించి ఇచ్చేసి వచ్చాక నాకు భయం పట్టుకుంది. సర్కస్ మీద కోపంతో మోటార్ సైకిల్‌ను చేజేతులా పోగొట్టానేమో. ఇంటర్వ్యూ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

లోపల కేన్ మేనేజర్ చంద్రయ్య సారు ఆ వాక్యం దగ్గర కళ్ళద్దాలు తీసి, నిజమేనా అని అడిగాడట. నిజమే సార్, మా అత్త మంచిగున్నది, అన్నాడట ఈయన. సారు సెలవుల రిజిస్టరు తెప్పించుకున్నాడు. తర్వాత రామ్‌దాస్‌ను పిలిచి, మీ అత్త ఎట్లున్నదని అడిగాడట. సారుకు తన ఇంటి మీద ఎంత ప్రేమో అనుకుని, మంచిగున్నది సార్, పొద్దుగాలనే బస్సెక్కి వచ్చింది, అన్నాడట రామ్‌దాస్. రిజిస్టర్లో ఆమె నాలుగుసార్లు చనిపోయి ఉంది.

ఈయనకు ఆర్డరు చేతికిస్తూ సారు ఒకటే మాటన్నాడట: "తప్పు చేసెటోళ్లు నా దగ్గర మస్తు మంది ఉన్నరు. చెప్పెటోడు ఇప్పుడే దొరికిండు."

మోటార్ సైకిల్ వచ్చింది. దాంతోపాటు నాకు పని కూడా వచ్చింది. ఫ్యాక్టరీలో ఎక్కడ నోటీసు పడ్డా దరఖాస్తు కాగితాలు మా ఇంటికే. అందరికంటే ముందు వచ్చింది రామ్‌దాసే. గోదాములో పెద్ద క్లర్కు పోస్టు ఖాళీ ఉందట.

"వదినె, నాకు గూడ ఒక మంచి తప్పు రాసియ్యి."

ఏం తప్పు చేశావని అడిగాను. అత్తది కాకుండా ఇంకోటి కావాలన్నాను. ఒక్కటీ యాదికొస్తలేదన్నాడు.

"ఫికర్ చెయ్యకు. రేపు మీ ఆమెను పంపు, అడిగి రాస్త" అన్నాను.

ఆ పోస్టుకు రామ్‌దాస్ దరఖాస్తే పెట్టలేదు.